సరిహద్దుకు అవతలి సెల్లో: పావ్ కజాల్స్ వాదనం, మౌనం

ఇరవయ్యవ శతాబ్దంలో సెల్లో అనగానే గుర్తుకు వచ్చే విద్వాంసుని పేరు మనకు రెండు రూపాలలో కనిపిస్తుంది. రికార్డుల అట్టల మీద, సంగీత కోశాలలో ఎక్కువగా ఉండేది పాబ్లో కసాల్స్. ఇది స్పానిష్ రూపం. ఆయన ఇంటి భాష అయిన కతలాన్‌లో ఆ పేరు పావ్ కజాల్స్. ఆ భాషలో పావ్ అనే మాటకు శాంతి అనే అర్థం కూడా ఉంది. 1920లో బార్సిలోనాలో తాను నెలకొల్పిన వాద్యబృందానికి ఆయన పెట్టిన పేరు ఒర్కెస్త్రా పావ్ కజాల్స్. ఈ వ్యాసంలో మేమూ ఆ రూపాన్నే వాడుతున్నాం. ఇది ఉచ్చారణ గురించిన పట్టింపు కాదు. ఆయన గురించి వచ్చిన జీవితచరిత్రలలో చాలావాటిలో తగినంత చోటు దొరకని విషయం ఈ పేరులోనే ఉందని మా అభిప్రాయం.

ఆ జీవితచరిత్రలు ఇంచుమించు ఒకే మూసలో నడుస్తాయి. బాల్యంలో ప్రతిభ, పాత పుస్తకాల అంగడిలో బాఖ్ రచనల ప్రతి దొరకటం, దేశదేశాల కీర్తి, నియంతను ధిక్కరించి ఫ్రాన్సుకు ప్రవాసం, కచ్చేరీలు మానుకోవటం, వార్ధక్యంలో శాంతిదూత కావటం. ఇందులో అబద్ధమేమీ లేదు. అయితే ఇలా చెప్పుకుంటూ పోతే సంగీతం ఒక నీతికథకు దృష్టాంతంగా మిగిలిపోతుంది. ప్రవాసం అన్న మాటను కూడా వారు తూచి వాడినట్టు కనిపించదు. 1939లో ఆయన చేరుకున్న ప్రాడ్ అనే చిన్న ఊరు ఫ్రాన్సు దేశంలో ఉన్నమాట నిజమే. కాని అది ఇళ్ళలో కతలాన్ మాట్లాడే ఊరు. దేశం వేరు, భాష ఒకటే. ఈ తేడా ఎంత పెద్దదో హోసూరు, బళ్ళారి, బరంపురం ప్రాంతాల పాఠకులకు మేము విడమరచి చెప్పనక్కర లేదు.

ముందుగా వాద్యాన్ని గురించి నాలుగు మాటలు. సెల్లో ఫిడేలు కుటుంబానికి చెందినదే గాని ఆకారంలో చాలా పెద్దది. కూర్చుని, మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని కమానుతో వాయిస్తారు. నాలుగు తీగలు. దాని స్థాయి పురుష కంఠానికి దగ్గరగా ఉంటుంది. బాలుస్వామి దీక్షితుల కాలం నుంచి ఫిడేలు మన కచ్చేరీలో కుదురుకున్నట్టుగా సెల్లో కుదురుకోలేదు. మద్రాసు సినిమా వాద్యబృందాలలో మాత్రం దానికి స్థానం దొరికింది. విషాద ఘట్టాలలో కింది స్థాయిలో సాగే ఆ బరువైన నాదాన్ని పేరు తెలియకుండానే మనలో చాలామంది విని ఉంటారు. యూరప్‌లో కూడా పందొమ్మిదో శతాబ్దం చివరివరకు సెల్లో ప్రధానంగా పక్కవాద్యమే. దానికోసం గొప్ప రచనలు లేవని కాదు. ఒంటరిగా వేదిక ఎక్కి సభను రెండు గంటలు కూర్చోబెట్టగల వాద్యమని దానిమీద ఎవరికీ నమ్మకం ఉండేది కాదు.

కజాల్స్ 1876 డిసెంబరు 29న కతలోనియాలోని ఎల్ వెండ్రెల్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి కార్లెస్ ఆ ఊరి చర్చిలో ఆర్గన్ వాయించేవాడు, గాయకబృందాన్ని నడిపేవాడు. తల్లి పిలార్ దెఫిల్యో పుట్టింది ప్యూర్టోరికో ద్వీపంలో, అక్కడికి వలస వెళ్ళిన కతలాన్ దంపతులకు. ఊళ్ళోకి వచ్చిన సంచార వాద్యగాళ్ళలో ఒకడు చీపురు కర్రకు తీగ కట్టి వాయించగా చూసి పిల్లవాడు మారాం చేస్తే, తండ్రి ఊరి మంగలి చేత సొరబుర్రకు తీగ కట్టించి ఒక వాద్యం చేయించాడట. కజాల్స్ దానిని జీవితాంతం దాచుకున్నాడు. తంబురాకు, వీణకు బుర్ర ఎక్కడినుంచి వస్తుందో తెలిసిన మనకు ఈ కథలో వింత తక్కువే. అసలు సెల్లోను ఆయన విన్నది 11 ఏళ్ళ వయసులో, బార్సిలోనా నుంచి వచ్చిన జుజెప్ గార్సియా చేతుల్లో. కొడుకుకు వడ్రంగం నేర్పించటమే మేలని తండ్రి అభిప్రాయం. తల్లి పట్టుబట్టి బార్సిలోనా సంగీత పాఠశాలలో గార్సియా దగ్గర చేర్పించింది.

అక్కడ ఆయన మొదటి తిరుగుబాటు చేతి గురించి. అప్పట్లో విద్యార్థి కుడి చంకలో పుస్తకం పెట్టుకుని, అది జారిపడకుండా కమాను లాగటం నేర్చుకునేవాడు. మోచెయ్యి ఒంటికి అంటుకుని ఉండేది. కజాల్స్ ఆ చేతిని విడిపించాడు. ఎడమచేతి విషయంలో కూడా, ప్రతి చిన్న మార్పుకూ చెయ్యి మొత్తాన్ని మెడమీద పైకీ కిందికీ జార్చే పద్ధతి మానివేసి, వేళ్ళను చాచి స్వరాలను అందుకునే పద్ధతి అలవరచుకున్నాడు. వినేవాడికి దీనివల్ల కలిగే లాభం ఏమిటంటే, స్వరానికీ స్వరానికీ మధ్య అనవసరమైన జారుడు తగ్గిపోయి వాక్యం తేటపడుతుంది. జారుడు ఉన్నచోట అది అవసరం కొద్దీ వచ్చినదని తెలుస్తుంది. శైలిలో ఆయన తెచ్చిన మార్పునకు పునాది ఇంత చిన్న శారీరక విషయంలో ఉంది. గొప్ప జీవితచరిత్రకారులు దీనిని రెండు వాక్యాలలో దాటవేసి రాణులూ రాజభవనాలూ వర్ణించటం మాకు వింతగా తోస్తుంది.

1890లో బార్సిలోనా రేవు దగ్గర ఒక పాత అంగడిలో, తండ్రితో కలిసి తిరుగుతుండగా, బాఖ్ రాసిన ఆరు సెల్లో సూట్ల ప్రతి ఆయనకు దొరికింది. గ్రూట్స్‌మాఖర్ పరిష్కరించి అచ్చువేసిన ప్రతి అది. ఈ ఘట్టాన్ని చెప్పేటప్పుడు, లోకం మరచిపోయిన రచనలను బాలుడు కనిపెట్టాడని రాయటం పరిపాటి. అది సరి కాదు. అచ్చుప్రతి ఉందంటేనే అవి పూర్తిగా మరుగున పడలేదని అర్థం. సెల్లో నేర్చుకునేవారు వాటిని సాధన పాఠాలుగా వాయించేవారు, విద్వాంసులు ఎప్పుడైనా ఒక ముక్క సభలో వినిపించేవారు. మన దగ్గర వర్ణాన్ని కేవలం వేళ్ళు తిరగటానికి పనికివచ్చే పాఠంగా చూసే ఉపాధ్యాయులు ఉన్నట్టే. కజాల్స్ చేసిన పని వేరు. ఆ రచనలను పన్నెండేళ్ళ పాటు ప్రతిరోజూ సాధన చేసి, ఆ తరవాతగాని సభలో వాయించలేదు. వాయించినప్పుడు ముక్కలు ఏరుకోలేదు. ఆరు భాగాల సూట్‌ను ఆద్యంతం ఒకే రచనగా, పక్కవాద్యం లేకుండా, ఒంటరిగా వినిపించాడు.

మధ్యనున్న సంవత్సరాలను త్వరగా దాటవచ్చు. స్వరకర్త అల్బేనిజ్ సిఫారసు ఉత్తరం మీద మాడ్రిడ్ వెళ్ళటం, రాణి మరియా క్రిస్తినా ఆదరణ, 1895లో బ్రస్సెల్స్ వెళ్ళి అక్కడి ఆచార్యుని ఎగతాళికి నొచ్చుకుని చేరకుండానే వెనుదిరగటం, దానితో ఉపకారవేతనం పోయి పారిస్‌లో వినోదశాల వాద్యబృందంలో పొట్టపోసుకోవటం, చివరకు 1899లో పారిస్‌లోనే లామురూ బృందంతో లాలో రచన వాయించి పేరు తెచ్చుకోవటం. ఆ తరవాత ఆయనకు వెనక్కు చూడవలసిన అవసరం కలగలేదు. 1904లో అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఎదుట వాయించాడు. పియానో విద్వాంసుడు కోర్తో, ఫిడేలు విద్వాంసుడు తిబో, ఈయన కలిసి ఏర్పరచిన త్రయం రికార్డులు ఈనాటికీ ప్రమాణంగానే చెల్లుతున్నాయి. ఈ కాలాన్ని గురించి ఒక్క మాట అదనంగా చెప్పాలి. కజాల్స్‌తో కలిసి పారిస్‌లో కొన్నేళ్ళు జీవించిన పోర్చుగీసు వనిత గిలెర్మీనా సుజియా స్వయంగా గొప్ప సెల్లో విదుషీమణి. స్త్రీలు ఆ వాద్యాన్ని పట్టుకోవటమే అరుదైన రోజులలో లండన్ సభలను మెప్పించిన కళాకారిణి. ఆమెను ఆయన జీవితంలో ఒక ప్రేమ ప్రకరణంగా కుదించటం న్యాయం కాదు.

1901లో శాన్ ఫ్రాన్సిస్కో దగ్గర తమాల్పైస్ కొండ మీద జరిగిన ప్రమాదం కూడా విమర్శకుడు మరచిపోరానిది. పైనుంచి దొర్లిన బండ ఎడమచేతి వేళ్ళను నలిపివేసింది. ఆ క్షణంలో తన మనసులో మెదిలిన మొదటి ఆలోచన, దేవుడి దయవల్ల ఇక సెల్లో వాయించే పని తప్పిందన్నదని ఆయనే తరవాత చెప్పుకున్నాడు. చెయ్యి బాగుపడింది, ఆ సంగతి వేరు. వాద్యం ఆయనకు వరమూ బరువూ కూడా. వేదిక ఎక్కే ముందు భయం ఆయనను చివరిదాకా వదలలేదు. కీర్తిలో ఉన్న రోజులలోనే తన అసలు ఇష్టం బృందాన్ని నడపటమని ఆయన భావించాడు. తరవాతి మౌనాన్ని కేవలం త్యాగంగా వర్ణించేవారు ఈ విషయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. తనకు ప్రాణమైనదానినే, ప్రాణాంతకమైన శ్రమగా కూడా అనుభవించినవాడు దానిని పక్కన పెట్టాడు.

బార్సిలోనా బృందం ఆయన సొంత డబ్బుతో చాలాకాలం నడిచింది. 1926లో దానికి అనుబంధంగా కార్మికుల కచ్చేరీ సంఘం ఏర్పడింది. కొద్దిపాటి చందాతో మిల్లు పనివారు అదే బృందాన్ని ఆదివారం ఉదయం వినేవారు. కజాల్స్ అభిరుచి పాతకాలపుదని, కొత్త సంగీతం ఆయనకు పడదని ఒక అభియోగం ఉంది. ఇందులో నిజం లేకపోలేదు. షోన్‌బెర్గ్ తనకు అంకితమిచ్చిన రచనను కూడా ఆయన సభలో వాయించలేదు. కాని ఆ షోన్‌బెర్గ్‌నే పిలిపించి తన బృందాన్ని ఆయన చేతికి ఇచ్చాడు. 1936 ఏప్రిల్‌లో ఆల్బన్ బెర్గ్ ఫిడేలు రచనను ప్రపంచంలో మొదటిసారి వినిపించింది ఒర్కెస్త్రా పావ్ కజాల్స్ బృందమే. తనకు రుచించనిదానికి తన ఊళ్ళో చోటు కల్పించటం చిన్న సుగుణం కాదు.

ఆ ఏడాది జూలై 18 సాయంత్రం బేథోవెన్ తొమ్మిదో సింఫొనీ సాధన జరుగుతుండగా, సైనిక తిరుగుబాటు మొదలైందనీ, మరునాటి కచ్చేరీ రద్దయిందనీ, అందరూ ఇళ్ళకు వెళ్ళిపోవాలనీ కబురు వచ్చింది. విడిపోయేముందు చివరి భాగం పూర్తి చేద్దామా అని ఆయన అడిగాడు. అందరూ ఒప్పుకుని ముగింపు దాకా పాడి, వాయించి లేచారు. ఆ బృందం మళ్ళీ మునుపటిలా కలవలేదు.

ఇక్కడినుంచే బాఖ్ సూట్ల రికార్డుల చరిత్ర మొదలవుతుంది. ఆయన వాటిని రికార్డు చేయటానికి చాలాకాలం ఒప్పుకోలేదు. ఒప్పుకునేసరికి వయసు అరవైకి చేరువైంది. రెండు, మూడు సూట్లు 1936 నవంబరులో లండన్‌లో, ఒకటి, ఆరు 1938 జూన్‌లో పారిస్‌లో, నాలుగు, అయిదు 1939 జూన్‌లో మళ్ళీ పారిస్‌లో. తేదీలను పక్కపక్కన పెట్టి చూస్తే ఇవి స్పెయిన్ అంతర్యుద్ధం మొదలైన నాలుగు నెలలకు ఆరంభమై, బార్సిలోనా పతనమైన అయిదు నెలలకు ముగిశాయి. ఈ యాదృచ్ఛికత విమర్శకులకు తీయని ఉచ్చు. అయిదో సూట్‌లోని సరబాంద్ భాగంలో కూడలి స్వరాలు లేవు, ఒక్కొక్క స్వరం ఒంటరిగా నడుస్తుంది. దానిని కోల్పోయిన దేశం కోసం చేసిన విలాపంగా విన్నవారు ఎందరో ఉన్నారు.

మేము ఆ మార్గం పట్టదలచుకోలేదు. 1936 నవంబరులో ఆయన వాయించిన రెండో సూట్ డి మైనర్‌లో నిజంగానే చీకటిగా ఉంటుంది. కాని అదే నెలలో, అదే నగరంలో వాయించిన మూడో సూట్ సి మేజర్‌లో ఎండకాసినట్టు ఉంటుంది. దాని బుర్రే నాట్యభాగాన్ని ఆయన పల్లెటూరి నేలమీద మడమలు తట్టినంత ఉత్సాహంతో వాయించాడు. దుఃఖం ఒకదానిలో ఉందంటే రెండోదానిలో ఉన్నదానికి ఏం పేరు పెట్టాలి? 1939లో కూడా అంతే. అయిదో సూట్‌కు జంటగా వచ్చినది ఇ ఫ్లాట్ మేజర్‌లోని నాలుగోది. జీవితాన్నిబట్టి నాదాన్ని చదివే పద్ధతి ఇక్కడ నిలవదు. ఆ నాలుగేళ్ళ రికార్డులన్నిటిలో ఉమ్మడిగా వినిపించేది శోకం కాదు, మాటతీరు.

మాటతీరు అనటంలో మా ఉద్దేశం ఇది. పియానో మెట్లమీద ఒక స్వరం ఎప్పుడూ ఒకేచోట ఉంటుంది. కజాల్స్ చేతిలో అది వెళ్ళబోయే దిక్కునుబట్టి కదులుతుంది. పైషడ్జానికి చేరబోయే నిషాదాన్ని ఆయన షడ్జానికి బాగా దగ్గరగా జరిపి పలికిస్తాడు. కిందికి దిగబోయే స్వరం అడుగు ముందే ఒంగుతుంది. దీనిని ఆయన శిష్యులకు వ్యక్తీకరణకు సంబంధించిన శ్రుతిగా బోధించాడు. పాశ్చాత్య విమర్శకులలో కొందరు దీనిని అపశ్రుతి అని కూడా అన్నారు. ఒకే రిషభం రాగాన్నిబట్టి వేరువేరు చోట్ల నిలవటానికి అలవాటుపడిన మన చెవికి ఈ వివాదం కొంత వింతగానే ఉంటుంది. ఇది గమకం కాదు. అయితే స్వరానికి స్థానం ఒక్కటే కాదు, ప్రయాణం కూడా ఉందనే ఎరుక రెండుచోట్లా ఉంది. ఇక ఎడమచేతి వేళ్ళు. తీగమీద అవి పడే చప్పుడు రికార్డులో వినిపిస్తుంది. హల్లులు లేని భాష ఉండదు గదా! ఆయన స్వరాలకు ఆ తాకిడి హల్లులా పనిచేస్తుంది. పలికిన ప్రతి స్వరమూ వెంటనే కొద్దిగా సన్నగిల్లుతుంది, మాట చివర ఊపిరి తగ్గినట్టుగా. ఒకే బలంతో సాగదీసిన నాదం ఆయనకు బొత్తిగా గిట్టదు.

తరవాతి తరాలవారు ఈ వాదనాన్ని కాదన్నారు. పాతకాలపు తీగలతో, పాతకాలపు కమానుతో 1979లో అన్నర్ బైల్స్మా వెలువరించిన రికార్డులో నాట్యం తేలికగా, పాదాలు నేలకు తాకీతాకనట్టుగా ఉంటుంది. దానిని విన్నాక కజాల్స్ బరువుగా, అతిగా తోచటం సహజం. ఆయన ఆధారపడిన అచ్చుప్రతి దోషభూయిష్ఠమన్నదీ నిజమే. బాఖ్ స్వహస్త ప్రతి దొరకలేదు. భార్య ఆనా మాగ్దలేనా రాసుకున్న నకలు ఇప్పుడు ముఖ్యాధారం. ఈ అభ్యంతరాలు ఒప్పుకుంటూనే ఒక మాట చెప్పవచ్చు. బైల్స్మా రికార్డులో ఆ రచనలు ఏ కాలానివో తెలుస్తుంది. కజాల్స్ రికార్డులో అవి ఒక మనిషి మనతో చెబుతున్న మాటలని తెలుస్తుంది. రెండూ ఉండాలి.

1939 ఆరంభంలో లక్షలాది జనం పిరనీస్ కొండలు దాటి ఫ్రాన్సుకు చేరారు. ఇసుక తిన్నెల మీద ముళ్ళకంచెల శిబిరాలలో వారిని ఉంచారు. కజాల్స్ ప్రాడ్‌లో ఉండి ఆ శిబిరాలకు తిండి, బట్ట, డబ్బు పంపించాడు. సాయం కోరుతూ వచ్చిన ఉత్తరాలకు జవాబులు రాయటంలోనే రోజులు గడిచేవి. ప్రాడ్ ఉన్న ప్రాంతం 1659లో జరిగిన ఒడంబడికతో స్పెయిన్ రాజు చేతినుంచి ఫ్రాన్సు రాజు చేతికి పోయింది. జనం కదలలేదు, గీత కదిలింది. 1700లో పత్రాలలో కతలాన్ వాడకాన్ని నిషేధించారు. బడిలో ఫ్రెంచి, ఇంట్లో కతలాన్. ఊరికి ఎదురుగా కనిగో పర్వతం. అది కతలాన్ కవులందరికీ ఆరాధ్యమైన కొండ. దక్షిణాన, గీతకు అవతల, ఫ్రాంకో ప్రభుత్వం అదే భాషను బడులనుంచి, కచేరీలనుంచి, అచ్చునుంచి తొలగిస్తున్న రోజులవి. దేశం వదిలిన మనిషి తన భాషలోనే ఉండిపోవటానికి వీలున్న ఊరు అది.

ఆ ఊరికి మరొకరు కూడా వచ్చి చేరారు. ఆయన పొంపెవ్ ఫాబ్రా. కతలాన్ వర్ణక్రమానికి 1913లో నియమాలు ఏర్పరచి, 1918లో వ్యాకరణం, 1932లో నిఘంటువు వెలువరించిన భాషావేత్త. ఆధునిక కతలాన్ వచనం ఆయన వేసిన దారిలోనే నడుస్తున్నది. ఆయన 1948 డిసెంబరు 25న ప్రాడ్‌లోనే కన్నుమూశాడు. ఒక భాషకు వ్యాకరణం ఇచ్చినవాడు, దాని పాటకు గొంతు ఇచ్చినవాడు సరిహద్దుకు అవతల ఒకే చిన్న ఊళ్ళో తలదాచుకున్నారన్న సంగతి సంగీత గ్రంథాలలో కనిపించదు. భాషాశాస్త్ర గ్రంథాలలో సెల్లో కనిపించదు. తెలుగు చదువరికి ఇక్కడ గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తుకు రాకమానరు. ఆయన జీవితమంతా ధారపోసిన పర్లాకిమిడి 1936లో ఒడిషా రాష్ట్రంలో చేరినప్పుడు, గీత కదిలిందని ఆయన ఊరినే వదిలి రాజమహేంద్రవరం వచ్చేశారు. ఫాబ్రా గీత దాటి వెళ్ళింది భాష ఉన్న ఊరికే, గిడుగువారు దాటి వచ్చిందీ భాష ఉన్న ఊరికే. కాని గిడుగువారికి ఇవతల ఒక రాష్ట్రం ఏర్పడబోతున్నది. ఫాబ్రాకు అవతల అలాంటి ఆశ ఏదీ లేదు. పోలికను ఇంతకంటే లాగటం భావ్యం కాదు.

కజాల్స్ మౌనాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. నియంతల దేశాలలో వాయించనన్న పట్టుదల ఆయనకు కొత్తగా వచ్చింది కాదు. 1933 తరవాత జర్మనీకి వెళ్ళలేదు. ఆక్రమణ రోజులలో జర్మన్ అధికారులు ఇంటికి వచ్చి బెర్లిన్‌లో వాయించమని అడిగినా నిరాకరించాడు. యుద్ధం ముగిశాక 1945లో ఇంగ్లండులో కచ్చేరీలు చేశాడు. హిట్లర్, ముస్సోలినీల తరవాత ఫ్రాంకో వంతు వస్తుందని లక్షలమంది లాగే ఆయనా నమ్మాడు. రాలేదు. ఆ సంవత్సరమే కచ్చేరీలు రద్దు చేసుకున్నాడు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు ఇవ్వజూపిన గౌరవ పట్టాలను వద్దన్నాడు. ఫ్రాంకోను గుర్తించిన ఏ దేశంలోనూ వాయించనని ప్రకటించాడు. 68 ఏళ్ళ వయసులో తీసుకున్న నిర్ణయం అది. ఆ వయసులో పోయిన ఏళ్ళు మళ్ళీ రావని తెలిసే తీసుకున్నాడు.

నాలుగున్నరేళ్ళ తరవాత లోకమే ప్రాడ్‌కు వచ్చింది. ఫిడేలు విద్వాంసుడు అలెగ్జాండర్ ష్నైడర్ పూనికతో, బాఖ్ మరణించి రెండు వందల ఏళ్ళయిన సందర్భంగా, 1950 జూన్‌లో అక్కడి సెయింట్ పియర్ చర్చిలో ఉత్సవం జరిగింది. సెర్కిన్, హోర్షోవ్‌స్కీ, క్లారా హాస్కిల్, సిగెతి, స్టర్న్ వంటివారు ఆ కొండ ఊరికి వచ్చారు. మౌనం విరమించకుండా విరమించటానికి ష్నైడర్ కనిపెట్టిన ఉపాయం అది. మీరు రానక్కరలేదు, మేమే వస్తాము. ఆ తరవాత ఏటా ఉత్సవం సాగింది.

ఇక్కడ విమర్శకుడు అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఫ్రాన్సు కూడా ఫ్రాంకోను గుర్తించిన దేశమే. 1957లో ఆయన స్థిరపడిన ప్యూర్టోరికో అమెరికా పాలనలోనిది. 1953లో ఫ్రాంకోతో సైనిక స్థావరాల ఒప్పందం కుదుర్చుకున్నది అమెరికాయే. 1958 అక్టోబరు 24న ఆయన ఐక్యరాజ్యసమితి సభామందిరంలో వాయించాడు. అది ఏ ఒక్క దేశానిదీ కాదన్నది ఆ రోజుల్లో చెప్పిన సమర్థన. కాని 1955లోనే స్పెయిన్ ఆ సమితిలో సభ్యదేశమయింది. ఇన్ని మినహాయింపులున్న ప్రతిజ్ఞను ఏమనాలి? ప్రాడ్, ప్యూర్టోరికో విషయంలో మాకు ఇబ్బంది కనిపించదు. ఒకటి ఆయన భాష ఉన్న నేల, ఇంకొకటి తల్లి పుట్టిన నేల. రెంటినీ రాజ్యాల లెక్కలో కాక బంధుత్వపు లెక్కలో చూశాడు. సమితి విషయంలో సమర్థన బలహీనమే. 1961 నవంబరు 13న కెన్నెడీ ఆహ్వానం మీద వైట్‌హౌస్‌లో వాయించటం మాత్రం ప్రతిజ్ఞకు స్పష్టమైన విరుద్ధం. ఆ యువ అధ్యక్షుని మీద ఆయన పెట్టుకున్న ఆశ అర్థం చేసుకోదగ్గదే. అయినా కతలోనియాకు దానివల్ల ఒరిగిందేమీ లేదు. ఆయన అభిమానులు దీనిని విజయంగా రాస్తారు. 1904లో ఆయనను విన్న రూజ్‌వెల్ట్ కుమార్తె 57 ఏళ్ళ తరవాత ఆ సభలోనూ కూర్చుని ఉన్నదన్న ముచ్చట తప్ప మాకు అందులో పండగ కనిపించదు. వాదనం సంగతి వేరు. 84 ఏళ్ళ వృద్ధుని మూలుగులు కూడా ఆ రికార్డులో పడ్డాయి, కమాను మాత్రం తడబడలేదు.

ప్రవాసం తరవాత ఆయన కచ్చేరీలు ముగించే పాట ఒకటే. పక్షుల పాట అనే కతలాన్ జానపద గీతం. క్రీస్తు పుట్టినప్పుడు పిట్టలన్నీ వచ్చి ఒక్కొక్కటే పలకరించే క్రిస్మస్ పాట అది. మాటలు లేకుండా సెల్లో మీద వాయిస్తే కూడా కతలాన్‌లు కళ్ళు తుడుచుకునేవారు. సంతోషంతో పాడవలసిన పాటను ఆయన నిదానింపజేసి, విలాపంగా మార్చాడనే ఫిర్యాదు ఉంది, అందులో పాలు నిజం కూడా ఉంది. ఊళ్ళో పిల్లలు పాడుకునే వేగం అది కాదు. ఊరు దూరమైనవాడి జ్ఞాపకం నడిచే వేగం అది. 1971 అక్టోబరు 24న, 94 ఏళ్ళ వయసులో, సమితి సభలో దానిని వాయించబోతూ తాను కతలాన్‌ననీ, తన నేలకు పార్లమెంటు సంప్రదాయం ఎంత పాతదో ప్రతినిధులకు గుర్తుచేస్తూ మాట్లాడాడు. ఆ రోజు ఆయన చేతిలో బలం లేదు. చిత్రం చూసినవారికి ఇది దాగదు. శ్రుతి కూడా అక్కడక్కడ జారింది.

స్వరకర్తగా ఆయనను పెద్దగా పొగడలేము. ప్రాడ్‌లో తనతోపాటు తలదాచుకున్న కవి జుయాన్ అలవేద్రా కతలాన్ కావ్యానికి సంగీతం కట్టి ఎల్ పెసేబ్రే అనే గాన రూపకాన్ని తయారుచేశాడు. 1960లో మెక్సికోలోని అకపుల్కోలో మొదటిసారి వినిపించి, తరవాత తానే అనేక దేశాలకు తీసుకువెళ్ళాడు. సంగీతం పందొమ్మిదో శతాబ్దపు మర్యాదలు దాటదు, నిడివి ఎక్కువ. అయితే ఆ సభలలో గాయకబృందాలు నోరు తిప్పుకుని నేర్చుకున్నది ఒక నిషిద్ధ భాష మాటలని గుర్తుపెట్టుకుంటే దాని ప్రయోజనం వేరుగా కనిపిస్తుంది. కజాల్స్ 1973 అక్టోబరు 22న శాన్ హువాన్‌లో మరణించాడు, ఫ్రాంకో కంటే రెండేళ్ళు ముందు. 1979లో అస్థికలను ఎల్ వెండ్రెల్‌కు తీసుకువచ్చారు.

ఆయనను కొత్తగా వినేవారికి మా సూచన ఒకటే. పక్షుల పాటతో మొదలుపెట్టవద్దు, వైట్‌హౌస్ రికార్డుతో అసలే వద్దు. 1936 నవంబరు నాటి మూడో సూట్ తీసుకుని, మొదట పైనుంచి కిందికి దిగే ఆ స్వరావరోహణను రెండుమూడుసార్లు వినాలి. ఆ తరవాత అదే నెలలో వాయించిన రెండో సూట్ వినాలి. చరిత్ర తరవాత చదువుకోవచ్చు.